వరద తీసిన ఇంట్లో అడుగుపెట్టేముందు



ఇల్లు ఖాళీ చెయ్యమని అధికారులు చెప్పినప్పుడు ఏమేం సర్దుకోవాలి, ఎటు వెళ్ళాలి అన్న సంగతులు చాలామంది చెప్పారు, ఇంకా చెబుతూనే వుంటారు. ఇవాళ నేను చెప్పబోయేది ఆ తరవాతి మాట. వెళ్ళినవాళ్ళం తిరిగి రావాలి కదండీ! ఎప్పుడు రావాలి, వచ్చాక గడప దాటేముందు ఏం చూసుకోవాలి? ఇది మనం అంతగా పట్టించుకోని విషయం. నన్నడిగితే ఇల్లు విడిచే గంటలో ఎంత అపాయం వుంటుందో తిరిగొచ్చే గంటలోనూ ఇంచుమించు అంతే వుంటుంది. పైగా వెళ్ళేటప్పుడు పోలీసులు వుంటారు, పడవలు వుంటాయి, నలుగురూ కలిసి వెడతారు. వచ్చేటప్పుడు చీపురూ బక్కెట్టూ పట్టుకుని మనం ఒక్కళ్ళమే వుంటాం.

గగన్‌పహాడ్ పేరు మీరు వినే వుంటారు. ఆరాంఘర్ దాటి శంషాబాద్ విమానాశ్రయానికి వెళ్ళే దారిలో వస్తుంది. గగనమంటే ఆకాశం, పహాడ్ అంటే కొండ. ఆ పేరున్న చోట మనుషులు నీళ్ళలో కొట్టుకుపోతారని ఎవరనుకుంటారు చెప్పండి? 2020 అక్టోబరు 13న సరిగ్గా అదే జరిగింది. ఆ పగలూ రాత్రీ వాన తెరిపి ఇవ్వలేదు. మర్నాడు పొద్దున లెక్క చూస్తే బేగంపేటలో 19 సెంటీమీటర్లు దాటింది. అక్టోబరు నెలలో ఒక్క రోజులో అంత వాన హైదరాబాదు వందేళ్ళకు పైగా ఎరగదు. గగన్‌పహాడ్‌లో అప్ప చెరువు కట్ట తెగి, నీళ్ళు బెంగుళూరు రహదారి మీద పడ్డాయి. అంత పెద్ద జాతీయ రహదారీ కోసుకుపోయింది. బళ్ళు కొట్టుకుపోయాయి. ఇళ్ళు మునిగాయి, ప్రాణాలూ పోయాయి.

ఇక్కడ చెరువుల సంగతి ఒకటి చెప్పుకోవాలి. మన పెద్దవాళ్ళు తవ్వించిన చెరువులు విడివిడిగా వుండవు. పై చెరువు అలుగు పారితే ఆ నీరు కింది చెరువులోకి, అది నిండితే దాని కిందిదాంట్లోకి. గొలుసుకట్టు చెరువులంటాం. నీళ్ళు వెళ్ళే కాలవలు మూసుకుపోయి, చెరువు గర్భంలోకే కట్టడాలు వచ్చేస్తే ఆ నీరు ఎటు పోవాలి? మన ఇళ్ళలోకే వస్తుంది. (అప్ప చెరువులో వెలిసిన షెడ్లను 2024 ఆగస్టు ఆఖర్న హైడ్రా వాళ్ళు కూలగొట్టారు. వరద వచ్చిన నాలుగేళ్ళకన్నమాట.) ఈ గొలుసు సంగతి ఎందుకు చెబుతున్నానంటే, మన వీధిలో వాన వెలిసినంత మాత్రాన మనకి గండం గడిచినట్టు కాదు. ఎగువ చెరువు నీళ్ళు మనదాకా రావడానికి కొన్ని గంటలు పట్టవచ్చు. ఎండ కాస్తూ వుండగా వరద వచ్చిన సందర్భాలూ వున్నాయి.

ఆ యేడే ఇంకొకటి జరిగింది. 13వ తేదీ నీళ్ళు తీశాక జనం ఇళ్ళకి తిరిగొచ్చారు. బురద ఎత్తి పోసుకుంటున్నారు, పరుపులు డాబాలమీద ఎండేసుకుంటున్నారు. 17వ తేదీ రాత్రి మళ్ళీ కుండపోత. ఈసారి బాలాపూర్ వేపు గుర్రం చెరువు కట్ట తెగింది. నాలుగు రోజుల కిందట మునిగిన బస్తీలు కొన్ని మళ్ళీ మునిగాయి. అంతకు ముందు రోజే తుడుచుకున్న ఇల్లు అది! ఆ ఇల్లాలి ప్రాణం ఎలా వుంటుందో ఊహించుకోండి.

అందుకని, ఖాళీ చెయ్యమన్న ఆజ్ఞగాని, తిరిగి రావచ్చునన్న ఆజ్ఞగాని శిలాశాసనం కాదని గుర్తుపెట్టుకోవాలి. పొద్దున ఒకటి చెబుతారు, సాయంత్రానికి మారుస్తారు. "వీళ్ళకి ఒక మాటమీద నిలకడ లేదు" అని విసుక్కుంటాం గాని, మారేది నీటి మట్టం, గాలి, వాన. వాటినిబట్టే వాళ్ళ మాటా మారుతుంది. విశాఖపట్నంలో 2020 మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి లీకయినప్పుడు వెంకటాపురం చుట్టుపక్కల జనం ఉన్నపళంగా పరుగెత్తారు. పన్నెండు మంది చనిపోయారు. ఆ రాత్రే మళ్ళీ లీకయిందన్న భయం పుట్టి, దూరపు వీధుల వాళ్ళు కూడా అర్ధరాత్రి పిల్లల్ని ఎత్తుకుని రోడ్లెక్కారు. తిరిగి ఊళ్ళోకి రమ్మన్నది నాలుగు రోజుల తరవాత. వరద నీళ్ళయితే తీసినట్టు కంటికి కనబడతాయి. అక్కడ అదీ లేదు, పరీక్షలు చేసి చెప్పేవాళ్ళ మాట వినడమొక్కటే దారి.

మనలో సగంమంది పిల్లలు అమెరికాలోనే వున్నారు కనక ఆ సంగతి కూడా చెబుతాను. 2025 జనవరి 7న లాస్ ఏంజెలెస్ దగ్గర కార్చిచ్చు పుట్టింది. పాలిసేడ్స్ వేపు ఒకటి, ఆల్టడీనా వేపు ఒకటి. అక్కడ ఖాళీ చేయించడంలో రెండు మెట్లు వుంటాయి. వార్నింగ్ అంటే సిద్ధంగా వుండమని. ముసలివాళ్ళూ పసిపిల్లలూ వున్నవాళ్ళు అప్పుడే బయల్దేరడం మంచిదని కూడా. ఆర్డర్ అంటే ఇక ఆలోచించకుండా వెళ్ళిపొమ్మని. జనవరి 9న ఒక చిన్న ప్రాంతానికి పంపవలసిన హెచ్చరిక పొరపాటున కౌంటీ మొత్తానికి, దాదాపు కోటి మంది ఫోన్లకి వెళ్ళిపోయింది. కాసేపటికి కాదని సవరించారనుకోండి, ఈలోగా ఎన్ని గుండెలు దడదడలాడాయో! అంత సంపన్న దేశంలోనే అలా జరిగింది. ఇక్కడ మనకు వాట్సాప్‌లో వచ్చే "అర్జెంటు, అందరికీ పంపండి" అనే సందేశాలమీద ఎంత నమ్మకం పెట్టుకోవచ్చో మీరే ఆలోచించండి. ఫోను ఒక్కసారిగా పెద్ద చప్పుడు చేసి తెరమీద సర్కారు హెచ్చరిక చూపిస్తే అది వేరు, దాన్ని చదవాలి. మున్సిపాలిటీవాళ్ళో పోలీసులో మైకులో చెబితే వినాలి. పక్కింటావిడ బావమరిది స్నేహితుడు చెప్పిన మాట మాత్రం ఒకటికి రెండుసార్లు కనుక్కోవాలి.

మన ఆడవాళ్ళకి ఒక గుణం వుంది. నీళ్ళు మోకాళ్ళ దాకా వుండగానే ఇంటికి పరుగెత్తేది మనమే. మగవాళ్ళు ఇంకా దారి ఎలా వుందో కనుక్కుంటూ వుంటారు. మనకి లోపల బియ్యం వున్నాయి, దేవుడి మందిరం వుంది, అమ్మాయి పెళ్ళికని కొని దాచిన చీరలున్నాయి, బీరువాలో కాగితాలున్నాయి. పునరావాస కేంద్రంలో రెండో రాత్రి నిద్రపట్టదు. స్నానానికి చోటుండదు, చంటిపిల్లకి పాలు కాచే వీలుండదు. ఇంటిమీద బెంగ సహజమే, కాదనను. కాని, ఆ బెంగే మనని గోడ కింద నిలబెడుతుంది. 2020లో అదే 13వ తేదీ రాత్రి బండ్లగూడలో ఒక ప్రహరీగోడ కూలి పక్క ఇళ్ళమీద పడి, ఎందరో చచ్చిపోయారు. నానిన గోడ వాన పడుతూ వుండగానే పడాలని ఏమీ లేదు. ఆగాక ఒకటి రెండు రోజులకీ పడవచ్చు.

కనక తిరిగి వచ్చేటప్పుడు తిన్నగా లోపలికి వెళ్ళకండి. వెలుగుండగా రండి. ఇద్దరుగా రండి. పిల్లల్నీ, పెద్దవాళ్ళనీ మొదటి రోజు తీసుకురాకండి. వాళ్ళని ఎవరింట్లోనైనా వుంచడానికి మొహమాటపడవద్దు. కాళ్ళకి బూట్లుండాలి, చెప్పులు పనికిరావు. బురదలో గాజుపెంకులుంటాయి, మేకులుంటాయి. ముందు ఇంటిచుట్టూ ఒకసారి తిరగండి. గోడలో కొత్త బీటలున్నాయా, పునాది పక్క మట్టి కోసుకుపోయిందా, కరెంటు తీగ ఏదైనా తెగి పడివుందా? తీగ కనబడితే దాని దగ్గరికి పోవద్దు, దాని పక్కనున్న నీళ్ళల్లోనూ కాలు పెట్టవద్దు. 1912కి ఫోను చెయ్యండి, అది కరెంటు ఆఫీసు నెంబరు. తలుపు బిగుసుకుపోయి రాకపోతే బలంగా తన్నకండి. చెక్క వుబ్బి వుండవచ్చు, లేదా పై గోడ బరువు దానిమీదికి దిగి వుండవచ్చు. రెండోదయితే తలుపుతోపాటు గోడా వస్తుంది.

ఇప్పుడు కరెంటు. ఇది అన్నిటికంటె ముఖ్యం, కొంచెం నిదానంగా చెబుతాను. మెయిన్ స్విచ్ మీరు పొడినేలమీద నిలబడి అందుకోగలిగితేనే ఆపండి. నీళ్ళల్లో నిలబడి మీటరు పెట్టె ముట్టుకోవద్దు, ఎంత ధైర్యవంతులైనా సరే. అయితే మెయిన్ ఆపేశాం కదా, ఇక ఇంట్లో కరెంటు లేదు అనుకోకండి. ఇన్వర్టరుంది కదా! వీధిలో కరెంటు పోయినప్పుడు మన ఫ్యాన్లు తిప్పేది అదే. మెయిన్ ఆపినా అది తన లైన్లలోకి కరెంటు పంపుతూనే వుంటుంది. దాన్ని విడిగా ఆపాలి. దాని బ్యాటరీ మునిగివుంటే ముట్టుకోకుండా తెలిసినవాళ్ళని పిలవాలి. ఇక గోడ పైకి ఆరినట్టు కనబడుతుంది గాని లోపల పైపుల్లో నీళ్ళు రోజుల తరబడి నిలుస్తాయి. ఎలక్ట్రీషియన్ వచ్చి చూసేదాకా ఒక్క స్విచ్చీ వెయ్యకండి. ఫ్రిజ్జు, వాషింగ్ మెషీను, గ్రైండరు, సంపులో మోటారు, వీటిల్లో దేన్నైనా "పనిచేస్తుందో లేదో చూద్దాం" అని ప్లగ్గు పెట్టడం కూడదు. ఆరబెట్టి, మెకానిక్కుకి చూపించాకే. తొందరపడితే మోటారు కాలిపోవడం చిన్న నష్టం, పెద్దది మీకు తెలుసు.

గ్యాసు బండ నీళ్ళలో తేలుతుంది. తేలి తిరిగినప్పుడు రబ్బరు ట్యూబు మెలిపడుతుంది, ఒక్కోసారి ఊడిపోతుంది. గ్యాసు గాలికంటె బరువు, నేలబారున పరుచుకుంటుంది. అందుకని లోపలికి వెళ్ళగానే అగ్గిపుల్ల గీయడం, దేవుడి ముందు దీపం పెట్టడం వద్దు. దేవుడు ఒక పూట ఆగుతాడు. వాసన వస్తే తలుపులూ కిటికీలూ తీసేసి, ఏ స్విచ్చీ తాకకుండా బయటికి వచ్చి 1906కి చెప్పండి. వాసన లేకపోయినా రెగ్యులేటరూ ట్యూబూ మార్పించుకున్నాకే పొయ్యి వెలిగించండి. ఇల్లు ఖాళీ చేసేటప్పుడే రెగ్యులేటరు తీసి మూత పెట్టి, మెయినూ ఇన్వర్టరూ ఆపి వెళ్ళినవాళ్ళకి ఇందులో సగం పని తప్పుతుంది.

పాములూ తేళ్ళూ వరదకి మనలాగే మెరక వెతుక్కుంటాయి. అటకమీద, చెప్పుల స్టాండులో, మడతపెట్టిన దుప్పట్లలో, వాషింగ్ మెషీను వెనక. చెయ్యి పెట్టేముందు కర్రతో కదపండి. పాము కనబడితే చంపడానికి ప్రయత్నించే వేళలోనే ఎక్కువ కాట్లు పడతాయి. తలుపు తీసి దారి వదలండి. హైదరాబాదులో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్ళు వచ్చి పట్టుకుపోతారు. కరిస్తే మాత్రం కట్లూ కోతలూ పసర్లూ కాదు, 108కి ఫోను చేసి పెద్దాసుపత్రికి.

సంపు విషయంలో చాలామంది ఏమరుతారు. మన నగరం ఇళ్ళల్లో సంపు నేలమట్టానికే వుంటుంది. ముందు మునిగేది అదే. వరద నీళ్ళంటే వాననీళ్ళే కావు, డ్రైనేజీ కలిసిన నీళ్ళు. గగన్‌పహాడ్, కాటేదాన్ లాంటి ఫ్యాక్టరీల చోట ఇంకా ఏమేం కలుస్తాయో! సంపు మొత్తం తోడేసి, గోడలు రుద్ది కడిగి, బ్లీచింగు నీళ్ళతో మళ్ళీ కడిగి, ఆ నీళ్ళు కూడా తోడేసి అప్పుడు కొత్త నీరు పట్టాలి. అయితే మూత తీసిన వెంటనే పనివాణ్ణి లోపలికి దించకండి. మూసివున్న సంపులో ఊపిరాడని గాలి వుంటుంది. ఒకడు దిగి పడిపోతే, వాణ్ణి తీద్దామని రెండోవాడు దిగి, ఇద్దరూ పోయిన వార్తలు మనం పేపర్లో చదువుతూనే వున్నాం. సాధ్యమైనంతవరకు పైనుంచే పంపుతో తోడించి, పైనుంచే కడిగించండి. డీజిలు పంపు పెడితే బయట పెట్టించండి, దాని పొగ లోపలికి పోతే అదీ ప్రాణాంతకమే. కొత్తగా పట్టిన నీటికి వెయ్యి లీటర్లకి అయిదు గ్రాముల మంచి బ్లీచింగు పౌడరు చొప్పున, ముందు బక్కెట్లో కలిపి, తేరుకున్న నీళ్ళు పొయ్యాలి. గంటసేపు ఆగాలి. అప్పుడు కూడా తాగే నీళ్ళు తెర్లకాచుకోవలసిందే.

కాచుకోవడమంటే గుర్తొచ్చింది. కార్చిచ్చు తరవాత ఆల్టడీనా, పసాడీనా వేపు కొన్నిచోట్ల కుళాయి నీళ్ళు తాగవద్దన్నారు. కాచి కూడా తాగవద్దన్నారు. కాలిన పైపుల్లోంచి బెంజీనులాంటివి నీళ్ళలో కలుస్తాయి. కాచితే క్రిములు చస్తాయి గాని అవి పోవు. "కాచుకుని తాగు నాన్నా" అని ఇక్కడినుంచి ఫోనులో చెప్పే తల్లులు ఇది తెలుసుకోవాలి. బూడిద పడిన ఇంట్లో పొడిచీపురుతో ఊడ్చినా మంచిది కాదు. ఎన్95 మాస్కు కట్టుకుని, తడిగుడ్డతో తుడుచుకోవాలి. నిప్పు వేరు, నీరు వేరు గాని, రెంటి తరవాతా చీపురే మనకి మొదటి శత్రువు, విచిత్రం చూడండి.

వంటింట్లో మనసు గట్టి చేసుకోవాలి. వరద నీళ్ళు తగిలిన బియ్యం, పప్పులు, పిండి, కూరలు, అన్నీ పారబొయ్యాల్సిందే. కడిగి ఎండబెడితే పనికొస్తాయన్న ఆశ వద్దు. వేసవిలో పట్టిన ఆవకాయ జాడీ సంగతి అడుగుతారు. వాసెన కట్టి, అటకమీద వుండి, నీళ్ళు అంటనే లేదంటే సరే. జాడీ మునిగివుంటే, గుడ్డలోంచి నీరు దిగలేదని ఎవరు చెప్పగలరు? దాన్ని వదిలేయండి. సంవత్సరమంతా పచ్చడి కొనుక్కుని తిందాం, పరవాలేదు. సీలు తియ్యని రేకు డబ్బాలు వుబ్బకుండా, చిల్లి పడకుండా వుంటే సబ్బుతోనూ బ్లీచింగు నీళ్ళతోనూ కడిగి వాడుకోవచ్చు. కరెంటు పోయి నాలుగు గంటలు దాటితే ఫ్రిజ్జులో పాలూ పెరుగూ వండినవీ వాడకండి. ఫ్రిజ్జులో అత్తగారి ఇన్సులిన్ వుంటే, అది పనికొస్తుందో లేదో వాసన చూసి తేల్చేది కాదు, కొత్తది తెప్పించండి. స్టీలు గిన్నెలు కడిగి మరిగించుకుంటే చాలు. చెక్క గరిటెలూ, చంటిపిల్లల పాలపీకలూ మాత్రం పారేసి కొత్తవి కొనుక్కోవడం మేలు.

బురద ఎత్తేటప్పుడు చేతికి తొడుగులుండాలి. ఏ చిన్న గాటు పడినా సబ్బుతో కడిగి, ధనుర్వాతం ఇంజెక్షను సంగతి డాక్టరుగారిని అడగండి. ఎలుకల మూత్రం కలిసిన బురదవల్ల లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వస్తుంది. తరవాతి రెండు మూడు వారాల్లో ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా "మేము వరద బురద తీశాం" అని డాక్టరుగారితో చెప్పడం మరవకండి. ఆ ఒక్క మాటతో ఆయనకి దారి దొరుకుతుంది. డాబామీదా పెరట్లోనూ నిలిచిన నీళ్ళు వారానికోసారి తప్పకుండా పారబోస్తే డెంగీ దోమ కొంతైనా తగ్గుతుంది.

ఒక్క మాట. ఇల్లు శుభ్రం చెయ్యడం మొదలుపెట్టేముందు ఫోనుతో ఫోటోలు తీయించండి. గోడమీద నీటి గుర్తు ఎంత ఎత్తుందో, ఏయే సామాను పోయిందో. 2020 వరద తరవాత ప్రభుత్వం నగరంలో మునిగిన కుటుంబానికి పదివేల రూపాయల చొప్పున సహాయం ప్రకటించింది. ఆ డబ్బుకోసం మీసేవ కేంద్రాల ముందు బారులు తీరి నిలబడినవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. నీటి గుర్తు కడిగేసుకున్న ఇల్లాలికి తన ఇల్లు మునిగిందని చెప్పుకోవడానికి నోటిమాటే మిగులుతుంది. ఇన్సూరెన్సు వున్నవాళ్ళకయితే ఫోటో మరీ అవసరం.

తడిసిన కాగితాలు ఒకదానినుంచి ఒకటి బలవంతంగా విడదీయకండి, చిరుగుతాయి. ఇంటి దస్తావేజు, సర్టిఫికెట్లు, బ్యాంకు పుస్తకాలు, పెళ్ళి ఫోటోలు, అన్నీ కట్టలు కట్టలుగానే నీడన పరిచి, పాతగుడ్డలమీద పెట్టి, నీళ్ళు ఓడ్చుకున్నాక నెమ్మదిగా ఒక్కొక్కటే తియ్యండి. ఎండలో పెడితే ముడుచుకుపోయి సిరా పాలిపోతుంది. గాలి తగలాలి. గోడలకి కూడా అంతే, కిటికీలన్నీ తెరిచి వుంచండి. పండగొస్తోందని వెంటనే సున్నం కొట్టించకండి. లోపలి తడి ఆరకముందే పూత వేస్తే, పొట్టు లేచి మళ్ళీ రాలిపోతుంది, ఆ డబ్బు కూడా దండగ.